గజ్జల్లో బిళ్ల కడితే ప్లేగేనా? భయపడుతున్న పాపకు ఏం చెప్పాలి?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది సిరిసిల్ల. మా పాప తొమ్మిదో తరగతి. ఫోన్‌లో ‘బ్లాక్ డెత్’ వీడియో ఏదో చూసింది. మర్నాడే మా మెట్ల కింద చచ్చిన ఎలుక కనిపించింది. రెండు రోజులకు మా ఏడేళ్ల బాబుకు ఎడమ గజ్జల్లో బిళ్ల కట్టింది, కాస్త జ్వరం కూడా ఉంది. వాడికి అదే కాలి మడమలో మేకు దిగి చీము పట్టింది. ఆడుకుంటూనే ఉన్నాడు, బిళ్ల నొక్కితే అటూ ఇటూ కదులుతోంది. పాప మాత్రం తమ్ముడి దగ్గరికి పోదు, రాత్రి నిద్రపోదు. ‘అప్పుడు అమ్మలు కూడా పిల్లల్ని వదిలేసి పోయారట, నాకొస్తే నువ్వూ పోతావా?’ అని అడుగుతోంది. మా అత్తమ్మ 1994 నాటి సూరత్ ప్లేగు ముచ్చట చెప్పి ఇంకా టెన్షన్ పెడుతోంది. అప్పుడు మామయ్య అక్కడ మగ్గాల పనిలో ఉండేవారు. ఇంటికి తిరిగొస్తే వాడకట్టులో పది రోజులు ఎవరూ పలకరించలేదట, అత్తమ్మ ఒక్కతే దగ్గరుండి అన్నం పెట్టిందట. బాబుది ప్లేగు కావచ్చా? పాపకు ఏం చెప్పను?
– ఒక తల్లి

సమాధానం: అమ్మా, ముందు బాబు సంగతి. కాలికి పుండై చీము పడితే అదే వైపు గజ్జల్లో బిళ్ల కట్టడం మామూలే. పుండులోని క్రిములు పైకి పాకకుండా అక్కడి లింఫు గ్రంథి అడ్డుకుంటుంది, ఆ పోరాటంలోనే వాస్తుంది. మీరు రాసిన లక్షణాలు ప్లేగువి కావు. ప్లేగు జ్వరం ఉన్నట్టుండి చలి, వణుకుతో మొదలవుతుంది. బిళ్ల మీద చెయ్యి వేయనివ్వనంత నొప్పి ఉంటుంది, చూస్తుండగానే పెరుగుతుంది. ఆ మనిషి లేచి ఆడుకునే పరిస్థితి ఉండదు. మన దేశంలో 2002లో హిమాచల్‌లో, 2004లో ఉత్తరాఖండ్‌లో కొద్దిమందికి ప్లేగు వచ్చింది. మన వైపు ఇప్పుడు ఆ జబ్బు లేదు.

అయినా బాబును రేపటికల్లా దగ్గరలోని డాక్టర్‌కు చూపించండి. పుండు శుభ్రం చేయించాలి, మేకు దిగింది కాబట్టి టెటనస్ ఇంజెక్షన్ సంగతి తప్పకుండా అడగాలి. బిళ్లను పిండటం, పసర్లు రాయడం వద్దు. జ్వరం పెరిగినా, బిళ్ల ఎర్రబడినా, రెండు మూడు వారాలైనా తగ్గకపోయినా మళ్లీ చూపించాలి. ఎలుకను ఇంకా తీయకపోతే వట్టి చేత్తో ముట్టకండి. చేతికి ప్లాస్టిక్ కవరు తొడుక్కుని తీసి, ఆ చోట బ్లీచింగ్ నీళ్లు చల్లండి. ఒక్క ఎలుక చస్తే భయపడాల్సింది లేదు. వరసగా చాలా ఎలుకలు రాలుతుంటే మాత్రం మున్సిపాలిటీకి చెప్పాలి.

ఇక పాప అడిగిన మాట. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువసేపు కూర్చోబెట్టింది అదే. ‘అలాంటిదేం లేదు, పడుకో’ అని కొట్టిపారేయకండి. ఆ పిల్ల విన్నది అబద్ధం కాదు, సగం నిజం. రెండో సగం చెప్పేవాళ్లు లేకే భయపడుతోంది.

పాప వీడియోలో చూసిన ‘బ్లాక్ డెత్’ అంటే ఆ కాలపు ప్లేగే. 1347 అక్టోబరులో నల్లసముద్రం వైపు నుంచి ఇటలీలోని జెనోవా వర్తకుల ఓడలు సిసిలీ దీవిలోని మెస్సీనా రేవుకు చేరాయి. ఓడల్లో సరుకు, సరుకు మధ్య ఎలుకలు, ఎలుకల ఒంటి మీద రక్తం తాగే చిన్న పురుగులు. ప్లేగు క్రిమి ఆ పురుగు కడుపులో పెరిగి దాని ఆహారపు దారిని మూసేస్తుంది. అందుకే అది ఎంత తాగినా ఆకలి తీరక మళ్లీ మళ్లీ కుడుతుంది, కుట్టినప్పుడల్లా క్రిమిని లోపలికి కక్కుతుంది. ఎలుక చచ్చి ఒళ్లు చల్లబడగానే పురుగులు పక్కనున్న మనిషిని పడతాయి. 1348లో జబ్బు ఫ్లోరెన్స్, పారిస్ దాటి ఇంగ్లండ్ దాకా పోయింది, 1350లు మొదలయ్యేసరికి రష్యా చేరింది. యూరప్‌లో ముగ్గురిలో ఒకరు పోయారని కొందరు, ఇద్దరిలో ఒకరని ఇంకొందరు లెక్కలు కడతారు. కైరో, డమాస్కస్, ట్యూనిస్ లాంటి అరబ్ నగరాలు కూడా అల్లాడిపోయాయి.

ఎందుకు వస్తుందో ఒక్కరికీ తెలియదు. ఫ్రాన్స్ రాజు అడిగితే పారిస్ వైద్య పండితులు శని, గురు, కుజ గ్రహాలు ఒకచోట చేరడమే కారణమని రాసిచ్చారు. ఒక డాక్టర్‌గా ఆ మాట తలచుకుంటే నాకు కోపం రాదు, బాధేస్తుంది. చేతిలో మందు లేదు, కళ్లెదుట జనం పోతున్నారు.

ఆ భయంలోనే తల్లిదండ్రులు పిల్లల ముఖం కూడా చూడలేదని ఫ్లోరెన్స్ రచయిత బొకాచియో రాశాడు. గజ్జల్లో, చంకల్లో గుడ్డంత, ఆపిల్ పండంత బిళ్లలు లేచేవని వర్ణించింది కూడా ఆయనే. పాప విన్నది బహుశా ఇదే. కానీ అదే ఏడాది, అక్కడికి ఎంతో దూరం లేని సియెనా ఊళ్లో అన్యోలో ది తూరా అనే మనిషి తన ఐదుగురు పిల్లల్ని తన చేతులతోనే పాతిపెట్టుకున్నానని రాసుకున్నాడు. పూడ్చడానికి పిలిస్తే వచ్చేవాళ్లు లేని రోజులవి. ఆ ఒక్క వాక్యం దగ్గర నేను ప్రతిసారీ ఆగిపోతాను. ఆ తండ్రి ఎక్కడికీ పోలేదమ్మా. ఆ ఊళ్లో అప్పుడు పెంచుతున్న పెద్ద చర్చి పనీ ఆగిపోయింది, అసంపూర్తి గోడలు ఇప్పటికీ అలాగే నిలబడి ఉన్నాయి.

అప్పట్లో పోప్ ఉన్న అవిన్యోన్ నగరంలో గీ ద షోలియాక్ అనే వైద్యుడు ఉండేవాడు. పారిపోవాలని ఉన్నా పరువు పోతుందని భయపడి ఉండిపోయానని దాచుకోకుండా రాశాడు. రోగుల్ని చూస్తూ చూస్తూనే ప్లేగులో రెండు రకాలున్నాయని గుర్తించాడు. దగ్గులో రక్తం పడితే మూడు రోజుల్లో, బిళ్లలు కడితే ఐదు రోజుల్లో ప్రాణం పోతోందని రాశాడు. ఆయనకూ బిళ్ల లేచింది, బతికాడు. ఊపిరితిత్తులకు పడితే న్యుమోనిక్ అని, బిళ్లలు కడితే బ్యుబోనిక్ అని మేం ఇప్పుడు చెప్పే తేడా అదే.

ఇంకో సంగతి పాపకు తప్పక చెప్పండి. జబ్బుకు కారణం తెలియకపోతే జనం మనిషిని వెతుకుతారు. యూదులు బావుల్లో విషం కలిపారని పుకారు పుట్టించారు. స్ట్రాస్‌బర్గ్‌లో 1349 ఫిబ్రవరి 14న వందలాది మంది యూదుల్ని సజీవంగా తగలబెట్టారు. అప్పటికి ఆ ఊరికి జబ్బు ఇంకా రానేలేదు! యూదులూ అందరిలాగే ఇదే జబ్బుతో చస్తున్నారు కదా అని పోప్ ఆరో క్లెమెంట్ ఆజ్ఞలు పంపినా వినలేదు. సరిగ్గా ఆ ముందటి ఏడాదే డమాస్కస్‌లో ముస్లింలు, యూదులు, క్రైస్తవులు తమ తమ గ్రంథాలు పట్టుకుని ఒకే ఊరేగింపుగా నడిచి మొక్కుకున్నారని, తాను చూశానని మొరాకో యాత్రికుడు ఇబ్న్ బతూతా రాశాడు. జబ్బు ఒక్కటే, ఊళ్లు రెండు రకాలుగా నడుచుకున్నాయి.

చివరికి మిగిలినవాళ్ల బతుకులు కూడా మారాయి. పొలంలో దిగే మనిషి కరువై కూలీలు ఎక్కువ అడిగారు. ఇంగ్లండ్ రాజు 1349లో, పార్లమెంటు 1351లో కూలి పెంచకూడదని చట్టాలు చేసినా పట్టు నిలవలేదు, ఆ కోపం కూడా కలిసి 1381లో రైతులు తిరగబడ్డారు. 1377లో రగూసా రేవు, అంటే ఇప్పటి డుబ్రోవ్‌నిక్, జబ్బు ఊళ్ల నుంచి వచ్చేవాళ్లను 30 రోజులు బయటే ఆపింది. తర్వాత అది 40 రోజులైంది. ఇటాలియన్‌లో నలభైని క్వరాంటా అంటారు, కొవిడ్‌లో మనందరి నోళ్లలో నానిన క్వారంటైన్ అక్కడి నుంచి వచ్చిందే. ఆపడం అంటే వెలివేయడం కాదు, అన్నం నీళ్లు అందిస్తూ కొన్నాళ్లు దూరంగా ఉంచడం.

ప్లేగు క్రిమిని 1894లో హాంకాంగ్‌లో యెర్సిన్ అనే వైద్యుడు పట్టుకున్నాడు. ఎలుక మీది పురుగే మోస్తోందని 1898లో కరాచీలో సిమోన్ అనే వైద్యుడు తేల్చాడు. ఇప్పుడు మొదట్లోనే గుర్తిస్తే మామూలు యాంటీబయాటిక్‌లతో తగ్గుతుంది. వాటిలో టెట్రాసైక్లిన్ కుటుంబానికి మొదటి మందు ఆరియోమైసిన్. అది 1948లో అమెరికాలోని లెడర్లీ సంస్థలో వచ్చింది. అక్కడ పరిశోధనకు పెద్దగా ఉన్నది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారే. సూరత్‌లో 1994లో జనం దుకాణాల ముందు బారులు తీరింది టెట్రాసైక్లిన్ కోసమే. దేశం మొత్తం మీద యాభై మందికి పైగా చనిపోయారు. ఊరు వదిలి పారిపోయినవాళ్లు మాత్రం లక్షల్లో ఉన్నారు.

రేపు బాబుకు కట్టు మార్చేటప్పుడు పాపను పక్కన కూర్చోబెట్టుకుని దూది అందించమనండి. ఇద్దరూ ముందూ వెనకా సబ్బుతో చేతులు కడుక్కుంటే చాలు. ఇక ‘నువ్వూ పోతావా’ అన్న ప్రశ్నకు జవాబు మీ ఇంట్లోనే ఉంది. వాడకట్టంతా ముఖం తిప్పుకున్న ఆ పది రోజులూ ఏం వండింది, ఎలా పెట్టింది, తనకు భయం వేయలేదా, అన్నీ అత్తమ్మ నోటితోనే పాపకు చెప్పించండి. ఈసారి సగంలో ఆపవద్దని నా మాటగా చెప్పండి.