పాప క్యాన్సర్ డాక్టరవుతానంటా ఉంది, అన్నేళ్లు చదివించాలా?

ప్రశ్న: మాది పలమనేరు. మా పాప ఇంటర్ సెకండియర్ బైపీసీ. మా తమ్ముడు 27 ఏళ్లకే లివర్ క్యాన్సర్‌తో పోయినాడు, చుక్క మందు ముట్టినోడు కాదు. ఆర్నెల్లు గ్యాస్ అనుకున్నాం, వేలూరులో బయాప్సీ చేసినాక ఫైబ్రోలామెల్లార్ అనే అరుదైన లివర్ క్యాన్సర్ అని తేలింది. అప్పట్నించి పాప క్యాన్సర్ డాక్టరే అవుతానంటా ఉంది. 12 ఏళ్లు పడతాయంట, ఆడపిల్ల, 30 దాటిపోతుంది. ఒక ప్రైవేట్ యూనివర్సిటీ వాళ్లు హెల్త్‌కేర్ ఏఐ కోర్సులో చేరిస్తే నాలుగేళ్లలో ఉద్యోగం అంటా ఉన్నారు. ఏది మేలు?

జవాబు: అన్నా, ఇంట్లో ఒకరిని క్యాన్సర్ తీసుకుపోయినాక పిల్లలు డాక్టరవుతామనడం, పెద్దోళ్లు హడలిపోవడం నేను చానా ఇళ్లలో చూసినా. కోర్సుల సంగతి చెప్తా, ముందు మీరు అడగకుండా వదిలేసిన మాట ఒకటుంది. ఆ జబ్బు రేపు పాపకి కూడా వస్తుందేమో అని కదా మీ భయం? ఈ క్యాన్సర్‌లో రెండు జీన్లు తెగి ఒకటిగా అతుక్కుంటాయి, అది గడ్డ కణాల్లో జరిగే మార్పు, తాత తండ్రుల నుంచి దిగొచ్చేది కాదు. మందు వల్ల వచ్చేదీ కాదు, ఎక్కువగా పడుచు వయసోళ్లకే, లివర్ బాగున్నోళ్లకే వస్తుంది. కాబట్టి మీ తమ్ముడి గురించి ఊళ్లో ఎవురన్నా తాగుంటాడులే అని ఉంటే ఆ మాట మనసులోంచి తీసేయండి.

గ్యాస్ అనుకున్నందుకు కూడా మిమ్మల్ని మీరు తిట్టుకోవద్దు. మామూలు లివర్ క్యాన్సర్‌లో పెరిగే ఏఎఫ్‌పీ అనే రక్తపరీక్ష ఇందులో చానా మందికి నార్మల్‌గానే వస్తుంది. స్కాన్‌లో గడ్డ నడిమధ్య మచ్చ కనపడుతుంది, ఏ హానీ చేయని ఎఫ్‌ఎన్‌హెచ్ అనే గడ్డలో కూడా అట్లాంటి మచ్చే ఉంటుంది, ఎమ్మారైలో ఆ మచ్చ తెల్లగా ఉందా నల్లగా ఉందా, లోపల సున్నం పేరుకుందా అని రేడియాలజిస్ట్ ఓపిగ్గా చూడాల. ఆ తర్వాత బయాప్సీ ముక్క పాథాలజిస్ట్ దగ్గరికి పోతుంది. మైక్రోస్కోప్ కింద పెద్ద పెద్ద గులాబీ రంగు కణాలు, వాటి మధ్య పొరలు పొరలుగా నార, అనుమానముంటే ఇంకో రెండు రంగులేసి, జీన్ టెస్ట్ చేసి అప్పుడు పేరు రాస్తారు. గడ్డ తీయగలిగేలా ఉంటే సర్జన్ తీస్తాడు, దీనికి అన్నిటికన్నా గట్టి వైద్యం అదే, తీసినా తిరగబెట్టేది ఎక్కువ కాబట్టి స్కాన్లతో ఏళ్ల తరబడి కాపు కాయాల.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, పాప క్యాన్సర్ డాక్టర్ అంటే మీ ఇద్దరికీ కత్తి పట్టుకున్న సర్జనో, కీమో ఇచ్చే ఆయనో కళ్లముందుకొస్తారు. మీ తమ్ముడి జబ్బుకి పేరు పెట్టింది మీరు ముఖం కూడా చూడని పాథాలజిస్ట్. ఆ దారి ఎంబీబీఎస్ అయిదున్నరేళ్లు, ఎండీ మూడేళ్లు, అంతే. రేడియేషన్‌తో క్యాన్సర్‌కి వైద్యం చేసే రేడియేషన్ ఆంకాలజీ కూడా అంతే. మందులిచ్చే ఆంకాలజీకి, క్యాన్సర్ సర్జరీకి అయితే ఇంకో మూడేళ్లు. ఈ ఒక్క అరుదైన క్యాన్సర్ కోసమే అని ఉద్యోగం యాడా ఉండదు, మామూలు జబ్బులు వందల కొద్దీ చూసినోళ్లకే ఇది వేరేగా ఉందే అని అనుమానమొస్తుంది.

ఇంక ఆ ఏఐ కోర్సు. నాకు దాని మీద నమ్మకం కుదరలేదు. ఏఐ పనికిరాదని అనడంలేదు, స్కాన్లలో అది బాగానే సాయం చేస్తా ఉంది, కానీ వేల కేసులు చూపిస్తే నేర్చుకునే యంత్రమది, ఇట్లాంటి అరుదైన జబ్బులకి వేల కేసులు యాడ్నించి తెస్తారు? ఎలానా సైమన్ అనే అమెరికా అమ్మాయికి 12 ఏళ్లకే ఇదే క్యాన్సరొచ్చింది, ఆపరేషన్‌తో బయటపడి, స్కూల్లో ఉండగానే సైంటిస్టులతో కలిసి పనిచేసింది, ఆ జీన్ అతుకు సంగతి 2014లో ‘సైన్స్’ అనే పత్రికలో అచ్చయింది. వాళ్లకి దొరికిన శాంపిల్స్ 15, పదిహేనింట్లోనూ ఆ అతుకుంది. కంప్యూటర్ అక్కడా వాడినారు, కానీ ఏం వెతకాలో తెలిసిన బయాలజీ వాళ్లు పక్కనుండబట్టే అది పనికొచ్చింది. బయాలజీ పైపైన, కోడింగ్ పైపైన చెప్పి పేరు మాత్రం ఘనంగా పెట్టిన డిగ్రీతో ఆస్పత్రిలో ఏ కుర్చీ ఇస్తారో ఆ యూనివర్సిటీ వాళ్లనే అడగండి. పోయిన బ్యాచ్ పిల్లలు యాడ చేరినారో పేర్లతో చూపించమనండి.

ఒక మాట గట్టిగానే అంటా, ఏమనుకోవద్దు. 12 ఏళ్లు 12 ఏళ్లు అంటారే, ఆ పాప అన్నేళ్లూ మీ చేతి కింద కూర్చోని తినదు. ఇంటర్న్‌షిప్ నుంచే స్టైపెండ్ వస్తుంది, ఎండీలో అంతకన్నా ఎక్కువ. 24కి డాక్టర్ అవుతుంది. పెళ్లి సంగతంటారా, ఎండీ చదువుతా పెళ్లి చేసుకున్న ఆడపిల్లలు ఎంతమంది లేరు? తమ్ముడిని పోగొట్టుకున్న ఇంట్లో ఆ బాధని పనికొచ్చే దారిలో పెడతానంటున్న బిడ్డ ముందర మీరు వయసు లెక్కలేస్తే ఎట్ల?

నీట్‌లో సీటు రాకపోతే? రాకపోవచ్చు కూడా. ఏర్పేడు దగ్గర ఐసర్ తిరుపతి అని కేంద్ర ప్రభుత్వ సైన్స్ కాలేజీ ఉంది, డిగ్రీ, పీజీ కలిపి అయిదేళ్ల బీఎస్-ఎంఎస్, బైపీసీ వాళ్లు రాయొచ్చు, అందులో చేరేదానికి పెట్టే ఐఏటీ పరీక్షలో లెక్కల ప్రశ్నలు కూడా ఉంటాయి కాబట్టి ఇప్పట్నించే కొంచెం చూసుకోమనండి. జీన్ల పని చేయాలంటే ఆ దారి నాకు ఏఐ డిగ్రీ కన్నా ఎంతో నచ్చుతుంది. సీటొస్తే తిరుపతిలోనే ఎస్వీ మెడికల్ కాలేజీ, ఆడపిల్లలకే ఉన్న పద్మావతి మెడికల్ కాలేజీ ఉన్నాయి, టాటా ట్రస్ట్స్ వాళ్ల క్యాన్సర్ ఆస్పత్రి ఉన్నది కూడా ఆ ఊర్లోనే.

సీటు బ్లాక్ చేయమని ఆ యూనివర్సిటీ వాళ్లు రోజూ ఫోన్ చేస్తా ఉంటారు, నీట్, ఐఏటీ ఫలితాలు రెండూ వచ్చేదాకా ఒక్క రూపాయి కట్టొద్దు.