పైకప్పు వేశాక పాత సర్టిఫికెట్ చెల్లుతుందా?

పోయిన సంచికలో బోట్ల సర్వే గురించి, అంటే బోటు తిప్పడానికి పనికొస్తుందో లేదో చూసే తనిఖీ గురించి, నాలుగు ముక్కలు రాసి వదిలేద్దామనుకున్నా, మీరు వదల్లేదు. కార్డులు, వాట్సాప్ మెసేజ్‌లు, ఒకాయనైతే బోటు ఫోటోలే పదిహేడు పంపాడు. అన్నింటికీ ఇక్కడ చోటు చాలదు. నలుగురికీ పనికొచ్చేవి తీసుకుని చెబుతున్నా.

"కేరళలో 24 సీట్ల ఫైబర్ బోటు సెకండ్ హ్యాండ్‌లో బేరం కుదిరింది సార్. రిజిస్ట్రేషన్, సర్వే కాగితాలు రెండూ ఉన్నాయంటున్నాడు. తెచ్చి మన రిజర్వాయర్లో తిప్పుకోవచ్చా, లేక అంతా మళ్ళీ మొదటి నుంచా?" (ఒక పాఠకుడు, కావలి)

మొదటి నుంచి అక్కర్లేదు. 1917 నాటి పాత చట్టాన్ని తీసేసి 2021లో కొత్త ఇన్‌ల్యాండ్ వెసల్స్ చట్టం తెచ్చారు, 2022 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం ఒక రాష్ట్రంలో ఇచ్చిన సర్వే, రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్లు దేశమంతా చెల్లుతాయి. కానీ ఓనరు మారినట్టు రిజిస్ట్రేషన్‌లో నమోదు చేయించుకోవాలి. బోటు వాళ్ళ పేరు మీదే ఉంచి మీరు తిప్పుతుంటే, రేపు ఏదైనా జరిగితే ఇన్సూరెన్స్ కంపెనీ ముందు మీరెవరు? థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ ఎటూ తప్పనిసరి.

అయితే అడ్వాన్సు ఇచ్చే ముందు ఆ సర్వే సర్టిఫికెట్‌లో తేదీ ఒక్కటే చూసుకుని సంబరపడకండి, ఏ జోన్ అని రాశారో చూడండి. నదులు, కాలువలు, రిజర్వాయర్ల లాంటి లోపలి జలాల్ని అల ఎత్తును బట్టి మూడు జోన్లు చేశారు: ఒకటో జోన్‌లో 2 మీటర్ల దాకా, రెండులో 1.2 మీటర్ల దాకా, మూడులో 0.6 మీటర్ల దాకా. ప్రశాంతంగా ఉండే నీళ్ళ కోసం మూడో జోన్‌కి పాసయిన బోటుని, ఎదురుగాలి కొడితే అలలు లేచే పెద్ద నీళ్ళలో తిప్పుతానంటే ఆ కాగితం మీకు పనికిరాదు. ఇంకొకటి, అక్కడ ఉప్పు కలిసిన నీళ్ళలో తేలిన బోటు ఇక్కడ మంచినీళ్ళలో కాస్త ఎక్కువ మునుగుతుంది. పెద్ద తేడా కాదు, సముద్రపు నీటితో పోల్చినా నూటికి రెండున్నర పాళ్ళే, కానీ ఇప్పటికే అంచుల దాకా లోడు చేసే బోటుకి ఆ కాస్త కూడా లెక్కే.

బోటు నీళ్ళలో ఉండగా బేరం ముగించొద్దు, ఒడ్డుకెక్కించమనండి. రూపాయి బిళ్ళ తీసుకుని అడుగు భాగం అంతా తడుతూ పోండి, టకటకమని గట్టిగా మోగితే సరే, ఎక్కడన్నా డొల్లగా మోగితే ఫైబర్ పొరలు లోపల విడిపోయాయనే అనుమానించాలి. అక్కడ సుద్దముక్కతో గుర్తు పెట్టండి. నాలుగైదు గుర్తులు పడ్డాక అమ్మేవాడి గొంతు దానంతటదే తగ్గుతుంది.

ఇక అందరూ కలిపేసుకుని తికమకపడే సంగతి: బోటు కాగితం వేరు, నడిపేవాడి కాగితం వేరు, నీళ్ళ పర్మిషన్ వేరు. బోటుకి సర్వే ఉన్నంత మాత్రాన రిజర్వాయర్లో దించే హక్కు రాదు, దానికి జలవనరుల శాఖ ఒప్పుకోవాలి. పులికాట్‌లోనైతే పక్షుల శాంక్చురీ కాబట్టి అటవీ శాఖతో కూడా పని. మన పక్క నుంచే పోయే బకింగ్‌హామ్ కాలువ నాలుగో నంబరు జాతీయ జలమార్గంలో భాగం, పెదగంజాం నుంచి చెన్నై దాకా 316 కిలోమీటర్లు. పేరు ఘనంగానే ఉంది, చాలాచోట్ల నీళ్ళకన్నా బురద, పిచ్చిమొక్కలే ఎక్కువ కనిపిస్తాయి, అది వేరే సంగతి.

"ఉప్పుటేట్లో మా ఇనుప బోటు ఆరేళ్ళుగా తిరుగుతోంది. పోయినేడు ఎండకి జనం ఇబ్బంది పడుతున్నారని ఇనుప పైపులతో పైకప్పు వేసి, దానిమీద కూర్చునేందుకు బెంచీలు పెట్టించా. ఇప్పుడు సర్వేకొచ్చినాయన స్టెబిలిటీ టెస్టు చెయ్యాల్సిందే అంటూ ఇసుక బస్తాలు తెప్పించమంటున్నాడు, ఆ ఖర్చొకటి. ఏందన్నా ఇది, సర్టిఫికెట్ ఉంది కదా నా దగ్గర? కావాలని ఇబ్బంది పెట్టడం కాదా?" (బోటు యజమాని, ముత్తుకూరు)

కాదన్నా. కోపం తెచ్చుకోవద్దు గానీ, ఈ విషయంలో నేను ఆయన పక్షమే.

మీ దగ్గరున్న సర్టిఫికెట్ పైకప్పు లేని బోటుది. ఆ బోటు ఇప్పుడు లేదు. పేరు అదే, ఇంజను అదే, నంబరు అదే కావచ్చు, కానీ సర్వేయరు ఆ రోజు చూసి సంతకం పెట్టిన బోటు వేరు, పైన బెంచీలున్న ఈ బోటు వేరు. ఇలాంటి మార్పు చేస్తే ముందు రిజిస్ట్రేషన్ అధికారికి చెప్పాలి, సర్వే మళ్ళీ చేయించాలి.

ఇసుక బస్తాల సంగతి వివరంగా చెబుతా, ఎందుకంటే ఈ టెస్టు గురించి ఎవరూ మీకు కూర్చోబెట్టి చెప్పి ఉండరు, "తెప్పించండి" అని మాత్రం అంటారు. గాలి లేని పొద్దున పూట, నీళ్ళు నిలకడగా ఉన్నప్పుడు బోటు కట్టిన తాళ్ళు వదులు చేస్తారు. లోపల పనిలేని జనాన్ని దించేస్తారు, అడుగున నిలిచిన నీళ్ళు తోడేస్తారు, ఎందుకంటే లోపల కదిలే నీళ్ళు లెక్కని పాడుచేస్తాయి. పైనుంచి ఒక దారానికి గుండు కట్టి వేలాడదీస్తారు, మేస్త్రీ గోడ నిలువు చూసేదే. ఆ గుండు ఊగకుండా కింద నూనె పోసిన బకెట్లో ముంచుతారు. దారం పక్కన ఒక స్కేలు. ఇప్పుడు తూకం వేసిన బస్తాల్ని కుడి పక్క నుంచి ఎడమ పక్కకి మారుస్తారు, బోటు కొంచెం ఒరుగుతుంది, దారం స్కేలు మీద ఎన్ని మిల్లీమీటర్లు జరిగిందో రాసుకుంటారు. ఇంతే. మళ్ళీ అటు, మళ్ళీ ఇటు.

లెక్క ఎలా ఉంటుందో ఒక ఉదాహరణ. బోటు మొత్తం బరువు 6 టన్నులు అనుకోండి. 100 కిలోల్ని 2 మీటర్ల దూరం జరిపితే 2 మీటర్ల దారం 80 మిల్లీమీటర్లు కదిలింది. అంటే ఒరుగు నూటికి నాలుగు. 100ని 2తో గుణించి, 6000ని 0.04తో గుణించి, మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే 0.83 మీటరు వస్తుంది. దీన్ని మెటాసెంట్రిక్ హైట్ అంటారు, మన మాటల్లో ఒరిగిన బోటు తిరిగి లేచే చేవ. ఇది ఎంత తగ్గితే బోటు అంత బద్ధకంగా లేస్తుంది, సున్నా దాటి కిందికి పోతే ఇక నిటారుగా నిలవదు.

ఇప్పుడు మీ పైబెంచీల దగ్గరికి రండి. మనిషికి 75 కిలోల లెక్కన పన్నెండు మంది 900 కిలోలు. కింద కూర్చోవాల్సిన ఆ 900 కిలోల్ని 2 మీటర్లు పైకెక్కించారు. జనంతో కలిపి 7 టన్నులయ్యే బోటులో బరువు కేంద్రం దాదాపు 26 సెంటీమీటర్లు పైకి పోతుంది. ఇంతా చేసి 26 సెంటీమీటర్లేనా అనొద్దు, మనం పైన లెక్కకట్టిన చేవే 83 సెంటీమీటర్లు, అందులో దాదాపు మూడో వంతు బెంచీల మీదికి జనం ఎక్కగానే పోయింది. పైకప్పు ఇనుము బరువు ఇంకా కలపనేలేదు. ఆ పైన ఒక పక్క కొంగలో ఫ్లెమింగోలో కనిపిస్తే అందరూ ఫోన్లు పట్టుకుని అటే లేస్తారు కదా, సర్వేలో ఆ లెక్క కూడా విడిగా చూస్తారు, జనమంతా ఒక పక్కకి చేరితే ఎంత ఒరుగుతుందని.

ఎండకి నీడే కావాలంటే పైపులు తీసేసి పలచటి గుడ్డ పందిరి వేయించండి, బెంచీలు మాత్రం పీకేయండి. అది కూడా సర్వేయరుకి చూపించే చేయించండి. ఇసుక బస్తాల ఖర్చు సంగతి అడిగారు, ఇసుక అద్దెకి తెచ్చి తిరిగిచ్చేయొచ్చు, కాకపోతే తూకం వేయించి బస్తాకి నంబరు రాయించండి, కాటా చీటీ దగ్గర పెట్టుకోండి. తూకం వేయని బస్తాతో టెస్టు చేస్తే అదంతా వృథా.

మీది ఉప్పునీళ్ళ బోటు, అదీ ఇనుముది కాబట్టి ఒకమాట. ఆరేళ్ళయింది, అడుగు ప్లేటు మందం అల్ట్రాసోనిక్ గేజితో కొలిపించండి. చిన్న పుల్లలాంటి ప్రోబుని జెల్ పూసి ప్లేటుకి ఆనిస్తే బయటినుంచే మందం చెబుతుంది, రంధ్రం చెయ్యక్కర్లేదు. పెయింటు బాగుందని మోసపోవద్దు. నాకు తెలిసిన ఒక బోటులో పెయింటే ప్లేటుని పట్టుకుని ఉంది, సుత్తితో ఒక దెబ్బ వేస్తే కొన అవతలికి పోయింది.

"కార్తీకమాసంలో మా వీధివాళ్ళం ముప్పై మందిమి వనభోజనాలకి వెళ్ళి బోటెక్కాలనుకుంటున్నాం. మాలాంటివాళ్ళకి సర్వే, స్టెబిలిటీ ఏం తెలుస్తాయండీ? ఎక్కేముందు ఏం చూడాలి?" (గృహిణి, ఒంగోలు)

అమ్మా, ఒంగోలు నుంచి ఈ ప్రశ్న రావడం నన్ను కాసేపు ఆపేసింది. 2017 నవంబరు 12న, కార్తీకమాసం ఆదివారం పూట, విజయవాడ దగ్గర పవిత్ర సంగమం వద్ద కృష్ణలో బోటు తిరగబడి ఇరవై మందికి పైగా పోయారు, వాళ్ళలో ఎక్కువమంది మీ ఊరివాళ్ళే. మీ వీధిలోనూ ఎవరో ఒకరికి తెలిసినవాళ్ళు ఉండే ఉంటారు. రెండేళ్ళకి, 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర ఇంకో బోటు మునిగింది.

మీరు చూడగలిగేవి ఉన్నాయి. బోటు మీద ఎంతమందిని ఎక్కించొచ్చో రాసి ఉండాలి, ఆ అంకె సర్టిఫికెట్‌లో ఉన్న అంకెతో సరిపోవాలి, సర్టిఫికెట్ తేదీ దాటకూడదు. ఎక్కాక తలలు లెక్కపెట్టండి, పిల్లల్ని కూడా. "పిల్లలే కదమ్మా" అంటాడు, వినొద్దు. బోటు పక్కన గీత ఉంటే అది నీటికి పైన కనిపించాలి, మునిగితే దిగిపోండి. పైన డెక్కు తర్వాత తగిలించినట్టు కనిపిస్తే, ముత్తుకూరాయనకి చెప్పిందే మీకూ, ఆ బోటు వద్దు. నడిపే సరంగు ఎవరో అడగండి, అతని సర్టిఫికెట్ ఎక్కడుందో కూడా.

లైఫ్ జాకెట్లయితే వేలాడదీసినవి చూసి తృప్తి పడొద్దు. నేను సర్వే పని నేర్చుకునే రోజుల్లో ఒక రేవులో జాకెట్లు లెక్కపెట్టి, సంఖ్య సరిపోయిందని రాసేశా. మా పెద్దాయన ఏమీ అనకుండా ఒకటి తీసి నన్ను తొడుక్కోమన్నాడు. బెల్టు బిగించి లాగానో లేదో కొక్కెం విరిగి చేతిలోకొచ్చింది. ఇంకోటి తీశా, దానికి బెల్టే లేదు. నలభైలో పదకొండు పనికొచ్చాయి. ఆ సిగ్గు ఇప్పటికీ ఉంది నాకు. కాబట్టి మీరు ముప్పై మందీ రేవులోనే తొడుక్కుని, బిగించి లాగి చూసుకుని ఎక్కండి, చీర మీద బాగోలేదని పక్కన పెట్టొద్దు. పిల్లల సైజువి వేరుగా ఉండాలి. పెద్దవాళ్ళది పిల్లాడికి వేస్తే నీళ్ళలో పడ్డప్పుడు జాకెట్ పైకొస్తుంది, పిల్లాడు అందులోంచి జారిపోతాడు.

వీటిలో ఏది తేడా ఉన్నా ఎక్కొద్దు. టిక్కెట్టు డబ్బు పోతే పోనీండి, పులిహోర ఒడ్డున తిన్నా రుచి మారదు.

"నా ఫైబర్ బోటుకి ఫిషరీస్ నంబరు ఉంది. వేట లేని రోజుల్లో టూరిస్టుల్ని తిప్పొచ్చా?" (మత్స్యకారుడు, కొత్తపట్నం)

కుదరదు తమ్ముడూ. ఆ నంబరు చేపల వేటకి. మనుషుల్ని డబ్బులకి ఎక్కించాలంటే ప్యాసింజరు బోటుగా సర్వే, రిజిస్ట్రేషన్ వేరే కావాలి. సముద్రంలోకి తీసుకెళ్తే ఆ చట్టాలు ఇంకా వేరు. ఇంజను లేని తెడ్డు పడవల సంగతి కూడా నీ మెసేజ్ చివర్లో అడిగావు: వాటికి ఈ సర్వే లేదు, స్థానిక సంస్థల దగ్గర పేరు నమోదు చేయించే పద్ధతి చట్టంలో పెట్టారు.

"ఇంటర్ ఎంపీసీ చదువుతున్నా సార్. సర్వేయర్ అవ్వాలంటే ఏం చదవాలి?" (విద్యార్థిని, పొదలకూరు)

నేవల్ ఆర్కిటెక్చర్ గానీ మెరైన్ ఇంజనీరింగ్ గానీ. దగ్గర్లో అంటే విశాఖలోనే ఆంధ్రా యూనివర్సిటీ ఉంది, ఇండియన్ మారిటైమ్ యూనివర్సిటీ క్యాంపస్ కూడా ఉంది. చెన్నై ఐఐటీలోనూ ఓషన్ ఇంజనీరింగ్ విభాగం ఉంది. చదువయ్యాక 1975లో మొదలైన ఇండియన్ రిజిస్టర్ ఆఫ్ షిప్పింగ్ లాంటి, ఓడల్ని తనిఖీ చేసి సర్టిఫికెట్ ఇచ్చే క్లాస్ సంస్థల్లోనో, ప్రభుత్వం వైపో, షిప్‌యార్డుల్లోనో పని. బోటు నడిపే పని నేర్చుకోవాలంటే పాట్నాలో దానికోసమే ఒక జాతీయ శిక్షణ సంస్థ నడుస్తోంది.

ఫిజిక్స్‌లో ఆర్కిమెడీస్ సూత్రం, బరువు కేంద్రం పాఠాలు మార్కుల కోసం బట్టీ కొట్టకమ్మా, పైన ఇసుక బస్తాల లెక్క మొత్తం వాటి మీదే ఉంది, ఒకసారి కాగితం మీద చేసి చూడు. ఆడపిల్లలకి ఈ పని కుదరదంటారేమో, బోటు అడుక్కి దూరి టార్చి పట్టుకుని చూడటానికి ఆడా మగా ఏముంది, మోకాళ్ళు నొప్పెట్టడం ఇద్దరికీ ఒకటే. ఇంతకీ ఈత వచ్చా నీకు? రాకపోతే ఈ వేసవిలో ముందు ఆ పని చూడు.