కయ్యకీ కయ్యానికీ మధ్య గెనిమ

అమ్మణ్ణీ,

నిన్న పొద్దున్నే మీ నాయన ఫోన్ చేశాడు. కాలవకి నీళ్లొదిలారని చెబుతాడేమో అనుకున్నా. "మన పాప నానీలు రాసిందంట, 40. అన్నీ కొట్లాటల మీదేనంట. ఉగాదికి పుస్తకం వేస్తుందంట" అన్నాడు. మీ నాయన గొంతులో అంత పొంగు నేను విని చాలా ఏళ్లయింది. నాకూ కళ్లు చెమర్చాయి. ఫోన్ పెట్టేశాక మాత్రం గుండెలో దడ పట్టుకుంది. రాత్రి నిద్ర రాలేదు. లేచి ఇది రాస్తున్నా.

నానీ లెక్క నీకు తెలిసిందే. నాలుగు పాదాలు, 20కి తగ్గకుండా 25కి మించకుండా అక్షరాలు. కవి ఎన్. గోపి గారు 1997లో మొదలుపెట్టిన కొలత అది. రాసింది పైకి చదువుకో, నాలుక తట్టుకున్న చోట మాట మార్చుకో. తప్పుల్లేకుండా అచ్చు దిద్దించు. వీటి గురించి ఇంతకన్నా చెప్పను.

నువ్వు వాట్సాప్‌లో పంపిన వాటిలో కొళాయి మీద రాసింది నాకు నచ్చలేదు. కొళాయి దగ్గర యుద్ధం జరిగిందనీ, మానవత్వం చచ్చిపోయిందనీ రాశావు. మానవత్వం కొళాయి దగ్గరికి ఏ పూట వచ్చిందమ్మా, నువ్వెప్పుడు చూశావు? అక్కడికొచ్చేది బిందెలు. ఎవరి బిందె ముందుంది, ఎవరు జరిపారు, ఏ బిందెకి సొట్ట పడింది? ఆ సొట్ట ఒక్కటి నాకు చూపించు, ఎవరు ఎవరిని తిట్టారో నేను చెప్పుకుంటా. ఉన్నవే 25 అక్షరాలు. అందులో 'యుద్ధం', 'మానవత్వం' అని రెండు బరువులు పెడితే మనుషులు నిలబడే చోటేదీ?

మన నెల్లూరులో పుట్టిన పద్యమే చూడు. పదమూడో శతాబ్దంలో ఇక్కడి రాజు మనుమసిద్ధికీ యాదవ నాయకుడు కాటమరాజుకీ పుల్లరి దగ్గర తగాదా వచ్చింది. పశువులు మేసిన గడ్డికి పన్ను కట్టమని ఒకరు, కట్టనని ఒకరు. ఆ యుద్ధంలో ఓడి మనుమసిద్ధి సేనాని ఖడ్గతిక్కన వెనక్కి వస్తే భార్య చానమ్మ మంచం అడ్డుపెట్టి, పసుపు ముద్ద ఉంచి, స్నానానికి నీళ్లు తోడిందని చెప్పుకుంటారు. అప్పుడామె చెప్పిందే ఆ కందం. మీతో కలిపి ఇంట్లో ముగ్గురు ఆడవాళ్లమయ్యాం, ఇక వగపెందుకు, జలకమాడమంటుంది. కందమంటే మొత్తం 64 మాత్రలు. అందులో కత్తి లేదు, నెత్తురు లేదు. యుద్ధమంతా స్నానాల చోటికి వచ్చి కూర్చుంది. ఆ ఒడుపు నేర్చుకో.

అయితే ఆ తర్వాత కథ కూడా గుర్తుంచుకో. ఆ మాట విని ఆయన మళ్లీ వెళ్లాడు, తిరిగి రాలేదు. చిన్న పద్యం అనగానే నాకు ముందు గుర్తొచ్చేది ఇదే. ఎందుకో ఇప్పుడు చెబుతా. మీ నాయన నీకు ఈ మాట ఎప్పుడూ చెప్పి ఉండడు.

1988. అప్పుడు మినీ కవితల ఊపు మీదున్నా. పొలంలో ఎగువ కయ్య నాది, దిగువ కయ్య మీ నాయనది, మధ్యలో గెనిమ, అదే గట్టు. ఆ ఏడు నీళ్లు ఆలస్యంగా వదిలారు. నా వంతు రాత్రి పూట వచ్చింది. మడవ తిప్పి, కయ్య నిండిందని చూసుకుని ఇంటికొచ్చి పడుకున్నా. తెల్లారి వెళితే నా కయ్యలో ఒట్టి బురద, కింద కయ్యలో చీలమండ లోతు నీళ్లు. గెనిమ మీద మా అన్న, చేతిలో పార. నేనూ పార పట్టుకునే వెళ్లా. ఆయన ఏదో చెప్పబోయాడు. నేను విననే లేదు. పది రోజుల తర్వాత ఉగాది కవి సమ్మేళనంలో ఇది చదివా:

గెనిమ తెగ్గొట్టి
నీళ్లు దోచుకున్నాడు
అన్న అనుకున్నాను
వాడొక దొంగ

చప్పట్లు మోగాయి. రెండోసారి చదవమన్నారు, చదివా. మర్నాటికి అది టీ కొట్టుకి చేరింది. వారానికి పిల్లకాయల నోళ్లలో పడింది. మీ నాయన అంగడికి పోతుంటే వెనకాల "నీళ్లదొంగ" అని అరిచేవాళ్లు. ఆయన టీ కొట్టుకి రావడం మానుకున్నాడు. పది పేజీలు తిట్టి రాసి ఉంటే ఎవడూ గుర్తుపెట్టుకునేవాడు కాదు. నాలుగు పాదాలు కాబట్టి ఊరంతా నోటికి పట్టుకుంది, వెనక్కి తీసుకుందామంటే నా చేతిలో లేదు.

మరుసటేడు అదే చోట గెనిమ మళ్లీ కారింది. వంగి చూశా. బొటనవేలు పట్టేంత బొక్క, అంచుల్లో మెత్తటి మన్ను, లోపల ఎండ్రకాయ. చెయ్యి పెడితే కొండితో పట్టుకుంది. నిరుడు కూడా గెనిమని తొలిచింది అదే. మా అన్న ఆ పొద్దు పారతో నిలబడింది ఆ బొక్క పూడ్చడానికి. నాకు అప్పుడే తెలిసిపోయింది. తెలిసీ ఏడేళ్లు మా అన్నతో మాట్లాడలేదు.

నువ్వు 1990లో పుట్టావు. రెండిళ్ల అవతల నీ ఏడుపు వినపడేది. నిన్ను ఒక్కసారి కూడా ఎత్తుకోలేదు. ఆరేళ్ల పిల్లవి, చేపల పులుసు గిన్నె రెండు చేతులా పట్టుకుని నువ్వే మా గడప దాటి వచ్చావు. "చిన్నాయనా, అమ్మ ఇమ్మంది" అన్నావు. గిన్నె ఒలుకుతుందేమోనని నీ కళ్లు దాని మీదే ఉన్నాయి. ఆ సాయంత్రమే మీ ఇంటికి వెళ్లా. మీ నాయన పీట వేశాడు, కాలవ సంగతులు మాట్లాడాడు. ఎండ్రకాయ సంగతి మాత్రం నా గొంతులోనే ఉండిపోయింది.

నా 'దొంగ' పద్యం, పద్యంగా కూడా చెడిపోయిందే. అందులో నేనొక్కణ్ణే ఉన్నా, అన్నకి నిలబడే చోటు ఇవ్వలేదు. తగాదా అంటే ఇద్దరుండాలి గదా. నేను రాసింది తీర్పు. జపాన్ కవి బషో 1689లో హిరైజుమి వెళ్లి, వీరులు కూలిన చోట నిలబడి, ఎవరిది తప్పో చెప్పలేదు. అక్కడ పెరిగిన వేసవి గడ్డిని చూపించి, వాళ్ల కలల్లో మిగిలింది ఇదేనన్నాడు. ఎండ్రకాయ నా కాళ్ల కిందే ఉంది, వంగి చూడలేదు, 'దొంగ' అనే మాట నాకు తేలిగ్గా దొరికింది.

నీ నలభైలో అత్తగారి మీద అయిదున్నాయని విన్నా. వాటిని తీసెయ్యమనను. ఒక్కోదాన్ని ఆవిడ పక్కన కూర్చుని చదివినట్టు ఊహించుకుని చదువు. ఆవిడ చెప్పబోయిన మాటకి అందులో చోటుందో లేదో చూడు. లేనిదాన్ని అచ్చుకి ఇవ్వొద్దు. నా మాట విను తల్లీ, ఇంత బతిమాలుకోవడం నాకు అలవాటు లేదు.

ఇన్నేళ్లకి నేనూ ఒకటి రాసుకున్నా. 23 అక్షరాలు, నువ్వూ లెక్కపెట్టుకో:

గెనిమలో ఎండ్రకాయ
ఇటూ అటూ నీళ్లే
పైన మాత్రం
రెండు పారలు

పుస్తకం అచ్చుకి ఇవ్వకముందు ఒక ఆదివారం రా. మీ చిన్నమ్మ మామిడికాయ వేసి పులుసు పెడుతుంది. ఈసారి గిన్నె నేను మోసుకొస్తా మీ ఇంటికి. నీవి నువ్వు మీ నాయన ముందు చదువు, ఇది నేను చదువుతా. మధ్యలో నా గొంతు ఆగితే మిగతా రెండు పాదాలు నువ్వు అందుకో.

మీ చిన్నాయన
బుచ్చిరెడ్డిపాళెం