గ్రీకు దీవిలో తవ్వకాల శిక్షణకు డబ్బు కట్టేముందు

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ పూర్తిచేసింది. గ్రీస్‌లోని డెలోస్ దీవిలో బయటపడ్డ గ్రీకు దేవుడు అపోలో ఆలయాల వీడియోలు చూసి, పురావస్తు శాస్త్రమే చదువుతానని పట్టుబట్టింది. వేసవిలో నాలుగు వారాలు ఒక గ్రీకు దీవిలో తవ్వకాల శిక్షణ తీసుకుంటే విదేశాల్లో ఎంఏ సీటు సులువని కన్సల్టెన్సీ వాళ్లు అంటున్నారు. పంపాలా, బీటెక్‌లో చేర్చాలా? – ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: ఈ చదువు కూడు పెడుతుందా, రేపు నలుగురికీ ఏం చెప్పుకోవాలి? మీ ఉత్తరంలో ఉన్న అసలు భయం ఇదే. కేంద్ర, రాష్ట్ర పురావస్తు శాఖల్లో పోస్టులు తక్కువ, నోటిఫికేషన్లు ఎప్పుడొస్తాయో చెప్పలేం. కానీ బిఏ చేసినంత మాత్రాన దారులు మూసుకుపోవు. మ్యూజియాలు, కట్టడాల సంరక్షణ, అధ్యాపకత్వం, గ్రూప్స్, సివిల్స్ అన్నీ ఉంటాయి. మేనేజ్‌మెంట్ కోటా సీటుకు అప్పుచేసైనా కట్టే తల్లిదండ్రులు బిఏ అనగానే మొదటి నెల జీతం ఎంత అని అడగడం న్యాయం కాదు. అమ్మాయి ఇష్టాన్ని ముందే అనుమానించకండి.

నాకు అనుమానమున్నది ఆ నాలుగు వారాల మీద. గ్రీస్‌లో విదేశీ బృందాలు ఏథెన్స్‌లో గుర్తింపు పొందిన తమ దేశపు పురావస్తు పాఠశాల (పేరుకు పాఠశాలే, నిజానికి పరిశోధన సంస్థ) ద్వారానే తవ్వకాలకు అనుమతి తెచ్చుకోవాలి. మన దేశానికి అక్కడ అలాంటి పాఠశాల లేదు. డెలోస్‌లో 1873 నుంచి తవ్వుతున్నది ఫ్రెంచ్ పాఠశాల. అంటే మన పిల్లలు వేరే దేశపు విశ్వవిద్యాలయ బృందంలో భాగంగానే వెళ్లగలరు.

అక్కడ నేర్పేది పనికొచ్చేదే. సాధారణంగా అయిదు మీటర్ల చదరపు గళ్లు గీసి, పొర తర్వాత పొర తాపీతో గీకుతారు. ఎండిన మట్టిలో రంగు తేడా కనిపించదు, అందుకే నీళ్లు చిలకరించి పొద్దుటి ఏటవాలు వెలుగులో చూస్తారు. వేసవిలో ఏజియన్ సముద్రం మీద వీచే మెల్తేమి గాలికి ఆ తడి నిమిషాల్లో ఆరిపోతుంది. తర్వాతి కాలం వాళ్లు తవ్విన గుంతను గుర్తించకపోతే రెండు కాలాల కుండ పెంకులు ఒకే సంచిలో పడతాయి. తవ్వేసిన పొరను మళ్లీ పేర్చలేం కాబట్టి ఆ తప్పు దిద్దుకోలేం. ఏ పొరలోదో రాసి సంచి పైన ఒక చీటీ, లోపల ఇంకొకటి పెట్టేది కూడా అందుకే.

కానీ ఆలయ స్థలంలో తవ్వడం సగం పనే. డెలోస్ ఆలయ అధికారులు ఇచ్చిన అప్పులు, వచ్చిన అద్దెలు, దేవుడికి చేరిన కానుకల జాబితాలు రాళ్లమీద చెక్కించారు. ప్రాచీన గ్రీకు రాకపోతే అవి వట్టి రాళ్లే. తవ్వకాల నివేదికల్లో ఎక్కువ భాగం ఫ్రెంచ్‌లో ఉన్నాయి. క్రీ.పూ. 426లో ఏథెన్స్ వాళ్లు దీవిని శుద్ధి చేస్తూ సమాధులన్నీ తవ్వించి, అందులోని వస్తువుల్ని పక్కనున్న రెనియా దీవిలో గోతిలో పూడ్చారు. తర్వాత అది బయటపడినప్పుడు చాలా కాలాల వస్తువులు కలిసిపోయి ఉన్నాయి. అక్కడ కుండల ఆకారం, చిత్రలేఖనం చూసి కాలం చెప్పగలిగిన వాళ్లకే పని. శాసనాలు చదవడం, కుండల కాలం చెప్పడం అనే ఈ రెండు విద్యలూ నాలుగు వారాల్లో రావు.

అందుకే బిఏలో చరిత్ర తీసుకోనివ్వండి, మొదటి ఏడాది నుంచే హైదరాబాద్‌లోని అలియాన్స్ ఫ్రాన్సేజ్‌లో ఫ్రెంచ్ నేర్పించండి. ఆపైన పుణెలోని డెక్కన్ కాలేజీ లాంటి చోట పురావస్తు శాస్త్రంలో ఎంఏ. దగ్గర్లోనే నాగార్జున కొండ ఉంది. సాగర్ నీళ్లు రాకముందు 1954–60 మధ్య ఆ లోయంతా తవ్వారు, ఇప్పుడా కొండ దీవి. పడవెక్కి వెళ్లి మ్యూజియంలోని శిల్పాలు, శాసనాలు రెండు రోజులు చూసి గీసుకు రమ్మనండి. ఆ రెండు రోజుల్లో విసుగు పుట్టిందో, ఆకలి పెరిగిందో మీకూ తెలుస్తుంది.

కన్సల్టెన్సీని మాత్రం మూడు అడగండి: తవ్వేది ఏ స్థలం? అనుమతి ఏ పాఠశాల పేరున ఉంది? క్రెడిట్లు ఇచ్చే విశ్వవిద్యాలయం ఏది? కాగితం మీద జవాబు రాకపోతే ఒక్క రూపాయి కూడా కట్టకండి.