గోదావరి దిగి నేరుగా బీచికి రండి

చి॥ రవికి,

మావయ్య ఆశీస్సులు. సంక్రాంతికి అమ్మనీ, కోడలమ్మాయినీ, పిల్లలిద్దరినీ తీసుకుని విశాఖపట్నం వస్తున్నానని నువ్వు ఫోను చేసిన దగ్గర్నుంచీ మీ అత్తయ్య అరిసెల పాకం లెక్కల్లో పడింది. నేను ఈ ఉత్తరం పనిలో పడ్డాను. "బీచ్ రోడ్డు ఒక్క సాయంత్రంలో అయిపోతుంది కదా మావయ్యా, మిగతా రోజులు అరకు పెట్టుకుందాం" అన్నావు చూడు, ఆ మాటకి ఫోన్లో జవాబు చెప్పలేకపోయాను. నాకు కోపం రాలేదులే. బయటూరి వాళ్ళంతా అలాగే అనుకుంటారు.

అసలు పొరపాటు ఆ సాయంత్రం దగ్గరే ఉంది. మన సముద్రం తూర్పున ఉందిరా. సూర్యుడు నీళ్ళలోంచి లేస్తాడు గానీ నీళ్ళలోకి దిగడు. దిగేది మన వీపు వెనక, సింహాచలం కొండల వైపు. సాయంత్రం ఆరింటికి ఇసుకలో నిలబడి "సన్‌సెట్ ఎటువైపండీ?" అని అడిగేవాళ్ళు వారానికొకరైనా నాకు తగులుతారు. గోవా సినిమాలు చూసి వస్తారు కాబోలు. ఒకవేళ మీరొచ్చే రోజులు పున్నమి దగ్గర పడితే మాత్రం సాయంత్రం కూడా పనికొస్తుంది. పొద్దుగూకే వేళకి చంద్రుడు ఎర్రగా సముద్రంలోంచి పైకొస్తాడు. అది వేరే కథ.

అందుకని గోదావరి ఎక్స్‌ప్రెస్‌కి రండి. సమయానికి వస్తే ఆరు కొట్టకముందే స్టేషన్లో దింపుతుంది. సంక్రాంతి రోజుల్లో ఇక్కడ సూర్యోదయం ఆరున్నర ప్రాంతంలో అవుతుంది. మీ హైదరాబాద్ కంటే మాకు ఇరవై నిమిషాలు ముందే తెల్లారుతుంది. ఆ వేళకి రోడ్లు ఖాళీ, పావుగంటలో బీచికి చేరతాం. ఇంటికెళ్ళి స్నానాలు చేసి, టిఫిన్లు తిని బయలుదేరదామంటే తొమ్మిదవుతుంది. తొమ్మిదికి అక్కడ మిగిలేది ఎండే. పెట్టెలు కార్లోనే ఉండనివ్వు, పిల్లలు బ్రష్ చేసుకోకపోయినా కొంప మునగదు.

పొద్దున్నపూట కొంతసేపు ఆ రోడ్డు మీద బండ్లు ఆపేస్తారు. నాలాంటి రిటైరైన వాళ్ళు మఫ్లర్లు చుట్టుకుని నడుస్తుంటారు, పిల్లలు స్కేటింగ్ నేర్చుకుంటుంటారు. ఈ బీచిని ఆర్.కె. బీచి అంటారు, ఆర్.కె. అంటే రామకృష్ణ అని ఊళ్ళో వాళ్ళకే చాలామందికి తెలీదు. అక్కడున్న రామకృష్ణ మిషన్ ఆశ్రమం వల్లే ఆ పేరు. ఆశ్రమానికి దగ్గర్లోనే కాళీమాత గుడి. అమ్మకి దర్శనం చేయించి, ఉత్తరం వైపు నెమ్మదిగా పోతే పెదజాలరిపేట వస్తుంది. వేటకెళ్ళిన బోట్లు ఒడ్డుకి చేరే వేళ అది. మా చిన్నప్పుడు దుంగలు కట్టిన తెప్పలు ఉండేవి, ఇప్పుడు ఎక్కువగా ఫైబర్ బోట్లు. వలలోంచి చేపలు విడదీస్తుంటే పిల్లల్ని దగ్గరికి తీసుకెళ్ళి చూపించు. అయితే వల తొక్కకూడదు, వల మీంచి దాటకూడదు. ఫోటో తీసేముందు ఒక మాట అడగాలి. అది వాళ్ళ పనిచోటు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్ల వేటకి నిషేధం కాబట్టి వేసవిలో వచ్చేవాళ్ళకి ఈ సందడి ఇంతగా దొరకదు. మీకా బెంగ లేదు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. పిల్లలకి కాదు, నీకే చెబుతున్నాను. ఆర్.కె. బీచిలో నీళ్ళలోకి దిగొద్దు. పాదాలు తడుపుకోవచ్చు, చీలమండల దాకా. మోకాలి మాట ఎత్తొద్దు.

1982 సంక్రాంతికి మీ నాన్న కొత్తల్లుడిగా వచ్చాడు. అంతకుముందు సముద్రం చూడలేదు. భద్రకాళి చెరువులో ఈత నేర్చుకున్నవాడు, మంచి ఈతగాడే. ఆ రోజు సముద్రం నెమ్మదిగా ఉంది. ఒకచోట అలలు విరగకుండా, నీళ్ళు నున్నగా, కొంచెం నల్లగా కనిపించాయి. "ఇక్కడ బాగుంది బావా" అని దిగాడు. ఆ నున్నగా ఉండే చోటే మోసంరా. ఒడ్డుకి కొట్టిన అలల నీళ్ళన్నీ తిరిగి లోపలికి పోయే దారి అది. నిమిషంలో ముప్పై గజాలు లోపలున్నాడు. ఒడ్డు వైపే ఈదుతున్నాడు, దూరం మాత్రం తగ్గట్లేదు. నేను ఒడ్డున అరుస్తున్నాను, అరిచి ఏం లాభం? ఒక జాలరి కుర్రాడు దూకి, మీ నాన్నని ఒడ్డు వైపు లాక్కురాకుండా పక్కకి, తీరం వెంబడి తీసుకెళ్ళాడు. లాగుడు దాటాక అలే వాళ్ళిద్దర్నీ ఇసుక మీద పడేసింది. కొత్త కళ్ళజోడు సముద్రానికి, మిగతా బావ మాకు. మీ అమ్మకి అప్పుడు చెప్పలేదు, కళ్ళజోడు రిక్షాలో పోయిందన్నాం. తర్వాత ఎప్పుడో బావే చెప్పుంటాడు. ఆ తర్వాత ఎన్నిసార్లు వచ్చినా గట్టు మీద కూర్చుని పల్లీలు తినేవాడు తప్ప ఇసుకలోకి దిగేవాడు కాదు, నీకు గుర్తుండే ఉంటుంది.

ఆ కుర్రాడు చేసిన పనే సూత్రం. లాగేస్తుంటే ఎదురీదకూడదు, తీరానికి సమాంతరంగా పక్కకి పోవాలి. కానీ ఈ తెలివి ఒడ్డున ఉన్నప్పుడు ఉన్నట్టు నీళ్ళలో ఉండదు. అందుకే దిగొద్దంటున్నాను. ఇక్కడ ఒడ్డు ఏటవాలు ఎక్కువ. అల విరిగేది కాళ్ళ దగ్గరే, వెనక్కి పోతూ కాళ్ళ కింద ఇసుకని తవ్వుకుపోతుంది. పెద్దవాళ్ళే కూలబడతారు. నాలుగు చిన్న అలలు చూసి ధైర్యం చేస్తే అయిదోది పెద్దది వస్తుంది. సముద్రానికి వీపు పెట్టి సెల్ఫీ తీసుకునేవాళ్ళని చూస్తే నాకు ఇప్పటికీ గుండె దడ. పిల్లలు తడవాల్సిందేనని ఏడిస్తే రుషికొండ బీచికి తీసుకెళ్దాం. దానికి 2020లో బ్లూ ఫ్లాగ్, అంటే శుభ్రంగా, భద్రంగా ఉన్న బీచిలకిచ్చే గుర్తింపు, వచ్చింది, ఈతకి హద్దులు పెట్టి కాపలా మనుషుల్ని ఉంచారు. అక్కడైనా హద్దు లోపలే.

ఇంకోటి. మీ అమ్మ జ్ఞాపకంలో ఉన్న బీచి వేరు. "సముద్రం ఇంత దగ్గరికి వచ్చేసిందేంటి?" అని కచ్చితంగా అంటుంది. ముందే చెప్పి ఉంచు. పోర్టులో ముప్పై ఏడేళ్ళు చేసినవాణ్ణి కాబట్టి ఈ లెక్క నాకు కొంచెం తెలుసు. మన తీరం వెంట ఇసుక ఒకచోట నిలవదు, ఏడాదిలో ఎక్కువ నెలలు దక్షిణం నుంచి ఉత్తరానికి నడుస్తూనే ఉంటుంది. బైలడిల్లా ఇనుప ఖనిజం మోసే పెద్ద ఓడల కోసం 1976లో ఔటర్ హార్బర్ వచ్చింది. సముద్రంలోకి కట్టిన రాతి గోడలు ఆ నడకకి అడ్డం పడ్డాయి. ఇసుక రేవు పక్కనున్న డాల్ఫిన్స్ నోస్ కొండ దగ్గరే ఆగిపోతుంది, ఇటు అలలు మాత్రం ఉన్నది కోసుకుపోతుంటాయి. అందుకని డ్రెడ్జర్‌తో అక్కడి ఇసుక తవ్వి తెచ్చి ఇక్కడ పోస్తారు. పోసింది మళ్ళీ ఉత్తరానికి నడుస్తుంది, మళ్ళీ పోస్తారు. ఊరికి పోర్టు అన్నం పెట్టింది, బీచిని కొంచెం తినేసింది. ఆ అన్నం తిన్నవాణ్ణి కాబట్టి ఇంతకంటే గట్టిగా అనలేను.

ఇసుకలో నల్లటి చారలు చూసి కోడలమ్మాయి మురుగు అనుకుని పిల్లల్ని వెనక్కి లాగుతుందేమో. అన్నిచోట్లా మురుగు కాదు. ఇల్మనైట్, గార్నెట్ లాంటి బరువు ఖనిజాలు మన ఇసుకలో ఉన్నాయి. అల తేలిక ఇసుకని తీసుకుపోయి వాటిని చారలుగా వదిలేస్తుంది. పిల్లలకి ఒక అయస్కాంతం ఇచ్చి పంపు. కొన్ని రేణువులు ఈగల్లా అంటుకుంటాయి, గంట సేపు మన జోలికి రారు. ఈ రోజుల్లోనే సముద్రపు తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి ఒడ్డుకొస్తాయి. చచ్చి కొట్టుకొచ్చినవి కూడా కనబడొచ్చు, వలల్లో ఊపిరాడక పోతాయి పాపం. చిన్నది అడిగితే నిజమే చెప్పు.

జలాంతర్గామి చూడాలని పిల్లాడు ఫోన్లో పదిసార్లు అన్నాడు. కురుసుర పొద్దున్నే తెరవరు, సోమవారం సెలవు. అందుకే దాన్ని మధ్యాహ్నం భోజనాలయ్యాక పెట్టుకుందాం. 1969లో నౌకాదళంలో చేరి, 2001లో విరమించి, మరుసటేడు ఆగస్టులో ఇసుక మీద మ్యూజియంగా తెరుచుకుంది. తొంభై ఒక్క మీటర్ల ఇనుప చేపని సముద్రంలోంచి ఒడ్డుకి లాగుతుంటే ఊరంతా జాతరలా వెళ్ళి చూశాం. లోపల ఏడు గదులు. ఒకదాన్నుంచి ఇంకోదానికి గుండ్రటి కంతల్లోంచి వంగి దూరాలి. మీ అమ్మ మోకాళ్ళకి అది కుదరదు, నేనూ ఆవిడా బయట కూర్చుంటాం. లోపల వివరం చెప్పేవాళ్ళు నేవీలో చేసి రిటైరైనవాళ్ళు. తొందరపడి దాటిపోకుండా ప్రశ్నలు అడగమను, అడిగినకొద్దీ చెబుతారు. రోడ్డుకి అవతల టీయూ-142 విమానం ఉంది, 2017లో మ్యూజియం చేశారు. దాని ఉద్యోగమే జలాంతర్గాముల్ని వేటాడటం. ఇద్దరూ ఇప్పుడు పింఛను తీసుకుంటూ ఎదురెదురిళ్ళలో ఉన్నారు.

అక్కడే 'విక్టరీ ఎట్ సీ' స్తూపం, 1971 యుద్ధానిది. దాని ముందు ఫోటో తీసుకుని వెళ్ళిపోవద్దు, పిల్లల్ని మీ అమ్మ దగ్గర కూర్చోబెట్టు. ఆ డిసెంబరు 3 రాత్రి మేమిద్దరం ఈ ఊళ్ళోనే ఉన్నాం. నాకు పదహారు, తనకి పన్నెండు. బ్లాకౌట్, కిటికీలకి నల్ల కాగితాలు. అర్ధరాత్రి దాటాక సముద్రం వైపు నుంచి పెద్ద చప్పుడు, అద్దాలు గడగడలాడాయి. పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మన రేవు బయటే మునిగిపోయిందని తర్వాత తెలిసింది. మనవాళ్ళు ముంచారని మనమంటాం, ప్రమాదమని వాళ్ళంటారు. మీ అమ్మ మంచం కింద దూరి పొద్దున్నదాకా బయటికి రాలేదు. ఈ ముక్క తను చెప్పకపోతే నేను చెబుతాను. దగ్గర్లోనే పాత డచ్చి బంగళాలో విశాఖ మ్యూజియం ఉంది. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు ఈ ఊరి మీద బాంబులేశాయి. అందులో పేలని బాంబు ఒకటి అక్కడ పెట్టారు. మా అమ్మ, అంటే మీ అమ్మమ్మ, ఆ రోజు బండెక్కి పల్లెకి పారిపోయిన పిల్లల్లో ఒకతె.

సాయంత్రాలకి ఎక్కువ రాయను. గట్టు మీద కూర్చుని మురీ మిక్చరు, కాల్చిన మొక్కజొన్న పొత్తు తినండి. ఇది తేగల కాలం, బుట్టలో పెట్టుకుని అమ్ముతుంటారు, అమ్మకి రెండు కొనిపెట్టు. గుర్రం ఎక్కేముందే ఎంత దూరానికి ఎంతో తేల్చుకో. ఫోటోలు తీసే కుర్రాళ్ళతో ఎన్ని ఫోటోలో కూడా ముందే అనుకో, లేకపోతే ఒకటన్నది ఇరవై అవుతుంది. వాళ్ళతో గొడవ పడొద్దు, వాళ్ళ బతుకూ అదే. కనుమ నాటి సాయంత్రం మాత్రం బీచి మాటే వద్దు, చుట్టుపక్కల ఊళ్ళన్నీ అక్కడే ఉంటాయి. ఆ రోజు ఇంట్లో గారెలూ, మాంసమూ తిని పడుకుందాం. కైలాసగిరి రోప్‌వే, తెన్నేటి పార్కు, అవన్నీ ఒక పూటలో చుట్టేయొచ్చు. ఓపికుంటే చూద్దాం, లేకపోతే లేదు.

చేపల సంగతి నాకొదిలెయ్. ముందు రోజే ఫిషింగ్ హార్బర్ వేలంలో వంజరం తెస్తాను. కోడలమ్మాయి తినదన్నావు కదా, ఆమెకి మీ అత్తయ్య పనసపొట్టు ఆవపెట్టి చేస్తానంది.

బావ పోయాక మీ అమ్మ ఇటు రావడం ఇదే మొదటిసారి. బీచి వద్దు, ఇంట్లోనే ఉంటానని మొరాయిస్తుంది, తెలుసు నాకు. అందుకే ఇంటికి వెళ్ళకుండా నేరుగా తీసుకెళ్దామన్నాను. బావ కూర్చునే గట్టు నాకు తెలుసు. అక్కడ కూర్చోబెడితే చాలు, మనం ఏమీ మాట్లాడక్కర్లేదు.

మా ఊరికి ముందొచ్చే దువ్వాడ స్టేషన్లో అందర్నీ లేపెయ్. చలి పెద్దగా ఉండదు గానీ ఒడ్డున గాలి కొడుతుంది, అమ్మకి స్వెట్టరూ, చిన్నదానికి టోపీ చేతికందేలా పైనే పెట్టు. బోగీ నంబరు ముందు రోజు ఫోన్ చేసి చెప్పు. ఫ్లాస్కులో కాఫీ పోసుకుని ప్లాట్‌ఫారం మీద ఉంటాను.

మీ
మావయ్య