నీ రిపోర్టు చూసానే, ఆ పౌడర్ డబ్బా మాత్రం కొనకు

అమ్మీ,

నువ్వు పంపిన రిపోర్టు ఫోటో చూసాను, సీఆర్పీ (ఒంట్లో లోపలి వాపు ఎంతుందో చెప్పే రక్తపరీక్ష) 6 వచ్చిందని రాత్రంతా నిద్దరపోలేదంట కదా, మీ అమ్మ చెప్పింది. ఆ వాపు వల్లే లావయ్యానని ఎక్కడో చదివి, పేగుల్లో బ్యాక్టీరియాని బాగుచేస్తదని అమ్మే పౌడర్ డబ్బా కొంటానంటున్నావంట కదా. ఏటే, రక్తం ఇచ్చిన వారం నీకు జలుబు కాదూ? ముక్కు తుడుచుకుంటూనే వీడియో కాల్ చేసావు. శ్రీకాకుళంలో ముప్పై ఏళ్ళు ల్యాబ్‌లో రక్తాలు తీసినదాన్ని, చెప్తున్నాను విను, అది జలుబుకీ పెరుగుద్ది పంటి నొప్పికీ పెరుగుద్ది. 1 లోపుంటే మంచిది, 3 దాటితే ఎక్కువ అంటారు గానీ ఒంట్లో బాగోనప్పుడు తీసింది లెక్కలోకి తీసుకోకూడదు, రెండు మూడు వారాలాగి మళ్ళీ చేయించు.

అలాగని నువ్వు చదివిందంతా అబద్ధం కాదు. పొట్ట దగ్గర కొవ్వు ఊరికే కూర్చోదు, వాపు పుట్టించే రసాయనాలు వదులుతుంటది, దాంతో ఇన్సులిన్ మాట ఒళ్ళు సరిగ్గా వినదు, షుగర్ అటేపు లాగుద్ది. బరువు తగ్గితే ఆ సీఆర్పీ కూడా మామూలుగా తగ్గుద్ది. కానీ వాపు వల్లే లావయ్యానా అంటే అంత సూటిగా చెప్పలేం. పేగుల్లో బ్యాక్టీరియా సంగతీ అంతే, 2006లో అమెరికాలో సెయింట్ లూయిస్ వాళ్ళు లావు ఎలకల పేగు బ్యాక్టీరియాని, క్రిములే లేకుండా పెంచిన ఎలకలకి ఎక్కిస్తే, సన్న ఎలకలవి ఎక్కించినవాటికంటే వీటికి కొవ్వు ఎక్కువ పట్టింది. డబ్బాలమ్మేవాళ్ళు ఇదే చూపించి అమ్ముతారు. నువ్వు ఎలకవి కాదు కదే.

ఆ డబ్బులు పెట్టి చోళ్ళు, అదే రాగులు, కొను. రాత్రి చోడిపిండి నీళ్ళలో జారుగా కలిపి మూతపెట్టు, పొద్దున్నకి పులిసి మీద చిన్న బుడగలొస్తాయి, సన్న సెగ మీద ఉండకట్టకుండా తిప్పుతూ ఉడికించు, పూర్తిగా చల్లారాకే మజ్జిగ పొయ్యి. ఉడికిస్తే మంచి క్రిములు చచ్చిపోతాయి, అందుకే మజ్జిగ వేడి మీద పొయ్యకూడదు. ఉల్లిపాయ నంజుకో, బెల్లం వద్దు. చోళ్ళల్లో, ఉలవల్లో, తోటకూరలో ఉన్న పీచుని పెద్దపేగులో బ్యాక్టీరియా తిని బ్యూటిరేట్ అనేదొకటి తయారు చేస్తాయి, పేగు గోడకి అదే తిండి, వాపుని చల్లారుస్తది కూడా. తరవాణి, అదే పులిసిన అన్నం నీళ్ళు, కూడా మంచిదే, కాకపోతే అందులో ఉన్నది అన్నమే, రెండు గిన్నెలు లాగించి ఆరోగ్యం అనుకోకు.

మెల్లగా పెంచు కానీ. నేను ఒకసారి ఉత్సాహంగా ఒకేరోజు మొలకొచ్చిన ఉలవలు ఇంత గిన్నెడు తిని నరసన్నపేటలో బస్సెక్కాను, శ్రీకాకుళం వచ్చేదాకా పొట్ట పట్టుకుని కిటికీ పక్క ఎలాగ కూర్చున్నానో నాకే తెలుసు! వారానికి కాస్త చొప్పున పెంచి, నీళ్ళు బాగా తాగు.

వాపు తగ్గుద్దని నొప్పి బిళ్ళలు మాత్రం మింగకే. ఈ వాపుకి అవి మందు కాదు, పైగా కిడ్నీలకి చెరుపు, మీ అత్తారిది ఉద్దానం, అక్కడ కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్ళల్లో ఉందో నువ్వే చూస్తున్నావు. మీ మాఁవగారికి క్రియాటినిన్ (కిడ్నీ పని తగ్గితే రక్తంలో పెరిగేది) ఎక్కువుందన్నావు, ఆయన తిండి డాక్టర్ని అడక్కుండా మార్చొద్దు, నీకు మంచిదని ఆకుకూరా ఉలవలూ ఆయనకీ వడ్డించకు.

నైట్ డ్యూటీ తర్వాత మూడు గంటలే పడుకుంటే ఆకలి ఎక్కువేస్తది, ముందు అది చూసుకో. థైరాయిడ్, షుగర్ కూడా చేయించు. విరోచనంలో రక్తం పడినా, ఊరికే బరువు తగ్గిపోతున్నా అంబలి తాగుతూ కూర్చోకుండా డాక్టర్ దగ్గరికెళ్ళు.

కాటా రోజూ ఎక్కకు. టైలర్ టేపుతో నెలకోసారి నడుం కొలుచుకో, మన ఆడాళ్ళకి 80 సెంటీమీటర్లు దాటకూడదంటారు. పోయిన పండక్కి జాకెట్ కుట్టించినప్పుడు నీది 91 ఉంది, నా పుస్తకంలో రాసుకున్నాను.

మీ పెద్దమ్మ