మామిడి తోటలో ఇంటికి ఏ సోలార్ ఛార్జ్ కంట్రోలర్?

బంగారుపాళ్యం దగ్గర తోటలో ఇల్లు, కరెంటు లైను లేదు, 335 వాట్ల ప్యానెళ్లు రెండు, 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీలు రెండు ఉన్నాయి, ప్యానెల్ నుంచి బ్యాటరీకి కరెంటును అదుపులో పంపే కంట్రోలర్‌గా చవకలో వచ్చే పీడబ్ల్యూఎం రకం చాలదా అని అడిగారు.

చాలదు, ఎంపీపీటీ రకం తీసుకోండి. ప్యానెల్ వెనక స్టిక్కర్ చూడండి, వీఎంపీ, అంటే ప్యానెల్ పూర్తి పవర్ ఇచ్చే వోల్టేజీ, 38 వోల్టుల దరిదాపుల్లో ఉంటుంది. పీడబ్ల్యూఎం దాన్ని బ్యాటరీ వోల్టేజీకి లాగేస్తుంది. 12 వోల్టుల బ్యాటరీకి కడితే 335లో సుమారు 120 వాట్లే చేతికొస్తాయి. అంత ఎండ ఉండీ ఏం లాభం! ఎంపీపీటీ ఆ మిగులు వోల్టేజీని ఆంపియర్లుగా మార్చి ఇస్తుంది.

బ్యాటరీలు సిరీస్‌లో (ఒకదాని ప్లస్‌ను రెండోదాని మైనస్‌కు) కలిపి 24 వోల్టులు చేయండి. రెండు ప్యానెళ్ల 670 వాట్లను 24తో భాగిస్తే 28 ఆంపియర్లు, పాతిక శాతం కలుపుకుంటే 35. అంటే 40 ఆంపియర్లది సరిపోతుంది.

చాలామంది చూడనిది వీఓసీ, అంటే దేనికీ కలపనప్పుడు ప్యానెల్‌కు ఉండే వోల్టేజీ. ఒక్కో ప్యానెల్‌కు 46 వోల్టులనుకుంటే సిరీస్‌లో 92. చలికి అది ఇంకా పెరుగుతుంది. డిసెంబరు పొద్దున 100 వోల్టుల వరకే తట్టుకునే కంట్రోలర్‌కు అంచు దగ్గరికి వచ్చేస్తుంది. ప్యానెళ్లు ప్యారలల్‌లో (ప్లస్‌లు ఒకచోట, మైనస్‌లు ఒకచోట) కట్టండి, లేదా 150 వోల్టులది కొనండి.

బిగించేటప్పుడు ముందు బ్యాటరీ, తర్వాతే ప్యానెల్. విప్పేటప్పుడు ముందు ప్యానెల్. వారం తర్వాత మధ్యాహ్నం టెర్మినల్ దగ్గర తీగ ఇన్సులేషన్ ముట్టుకోండి, వేడికి చురుక్కుమంటే ప్యానెల్, బ్యాటరీ రెండూ ఆపి స్క్రూ బిగించండి.